మనస్తత్వ శాస్త్రవేత్తల ర్యాంకులు: ఉల్లేఖనల లెక్క

ఒక పరిశోధకుడు రాసిన వ్యాసాన్ని తర్వాతివారు తమ వ్యాసం చివర ఇచ్చే ఆకరాల జాబితాలో చేర్చితే అది ఒక ఉల్లేఖన, అంటే సైటేషన్. వీటిని కూడి, ఆ మొత్తాల ప్రకారం పరిశోధకులను వరుసలో నిలబెట్టే పద్ధతి 20వ శతాబ్దం రెండో సగంలో ఊపందుకుంది. మనస్తత్వ శాస్త్రంలో మాత్రం తోటివారికి ర్యాంకులు ఇచ్చే అలవాటు అంతకు చాలా ముందే ఉంది. మనుషుల తెలివిని, స్వభావాన్ని అంకెల్లోకి దించడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ఒకరినొకరు కొలుచుకోకుండా ఉండలేకపోయారు. ఈ పట్టికల్లో ఎవరు పైన ఉంటారు, ఎవరు కింద ఉంటారు అన్నది ఏం లెక్కించారు, ఎక్కడ లెక్కించారు అన్నదాన్ని బట్టే చాలావరకు తేలిపోతుంది. ఉల్లేఖన చెప్పేది ఒక రచన వాడకంలో ఉందన్న సంగతి ఒక్కటే. దేనికి వాడారో, మెచ్చుకుని వాడారో తప్పుపట్టడానికి వాడారో అది చెప్పదు.

ఓట్లతో మొదలు

లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ దగ్గర సహాయకుడిగా పనిచేసి వచ్చిన అమెరికన్ జేమ్స్ మెకీన్ కాటెల్ 1903లో ఈ కొలతకు శ్రీకారం చుట్టారు. పేరున్న మనస్తత్వ శాస్త్రవేత్తలు 10 మందిని అడిగి, తోటివారిని యోగ్యత క్రమంలో పేర్చమన్నారు. వాళ్ల తీర్పులను కలిపి 50 మంది వరుస తయారుచేశారు. ఎవరిది ఏ స్థానమో పాతికేళ్లకు పైగా బయటపెట్టలేదు. బయటికొచ్చాక చూస్తే మొదటి స్థానం విలియం జేమ్స్‌ది, రెండోది కాటెల్‌దే. 12వ స్థానంలో మేరీ విటన్ కాల్కిన్స్ ఉన్నారు. హార్వర్డ్‌లో డాక్టరేట్‌కు కావలసిన చదువంతా పూర్తిచేసినా, ఆమె మహిళ అన్న ఒక్క కారణంతో ఆ విశ్వవిద్యాలయం పట్టా ఇవ్వలేదు. తోటివారు మాత్రం ఓటు వేశారు.

ఓట్లకు ఒక ఇబ్బంది ఉంది. పెద్దవాళ్లు తమకు తెలిసినవాళ్లనే గుర్తుపెట్టుకుంటారు. 1957లో కెన్నెత్ ఇ. క్లార్క్ అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలపై ప్రచురించిన అధ్యయనంలో, తోటివారి ఓట్లను ఇతర కొలమానాలతో సరిపోల్చారు. ప్రచురించిన వ్యాసాల సంఖ్య కంటే, ఆ వ్యాసాలను ఇతరులు ఎంతగా పేర్కొన్నారన్న లెక్కే ఓట్లకు దగ్గరగా వచ్చింది. అప్పటికింకా ఉల్లేఖనలను లెక్కపెట్టే యంత్రాంగం లేదు. పత్రికలు ముందేసుకుని చేత్తో లెక్కపెట్టుకోవలసిందే.

గార్‌ఫీల్డ్ సూచిక

అమెరికా న్యాయవాదులకు 1873 నుంచి షెపర్డ్స్ సైటేషన్స్ అనే సూచిక ఉంది. ఒక పాత తీర్పును తర్వాతి న్యాయస్థానాలు అనుసరించాయా, తోసిపుచ్చాయా అన్నది అందులో చూసుకోవచ్చు. ఇదే ఏర్పాటు శాస్త్రవ్యాసాలకు ఎందుకు ఉండకూడదని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ప్రతిపాదించారు. ఫిలడెల్ఫియాలో ఆయన స్థాపించిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ సైంటిఫిక్ ఇన్ఫర్మేషన్ నుంచి 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్, 1973లో సోషల్ సైన్సెస్ సైటేషన్ ఇండెక్స్ వచ్చాయి. ప్రయోగశాలలో ఎలుకలతో పనిచేసేవారి దగ్గర్నుంచి సామాజిక వైఖరులను పరిశీలించేవారి దాకా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ రెండింటిలోనూ చెదిరి ఉంటారు. గార్‌ఫీల్డ్ మొదటి ఉద్దేశం ర్యాంకులు కాదు, ఒక పాత వ్యాసం పట్టుకుని దాని మీద వచ్చిన కొత్త పనిని వెతికి పట్టుకోవడం. న్యాయవాదుల సూచికలో ఉన్న ముఖ్యమైన సంగతి, అంటే అనుసరించారా తోసిపుచ్చారా అన్నది, శాస్త్రాల సూచికకు వచ్చేసరికి జారిపోయింది. మిగిలింది సంఖ్య. ఆ సంఖ్య చేతిలో ఉండటంతో, 1978 నాటికే అమెరికన్ సైకాలజిస్ట్ పత్రికలో నార్మన్ ఎండ్లర్, ఫిలిప్ రష్టన్, హెన్రీ రోడిగర్ బ్రిటన్, కెనడా, అమెరికా మనస్తత్వ విభాగాలను ప్రచురణలు, ఉల్లేఖనల లెక్కన పేర్చి చూపారు.

అచ్చు సూచికలో పేర్కొన్న వ్యాసం మొదటి రచయిత పేరు కిందే చేరేది. దీని ఫలితం డేనియల్ కానమన్, ఆమోస్ ట్వర్‌స్కీ జంట విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్లు తొలి ఉమ్మడి వ్యాసానికి ఎవరి పేరు ముందుండాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారు, ఆ తర్వాత వంతులవారీగా మార్చుకున్నారు. అనిశ్చితిలో మనుషులు అంచనాలు ఎలా వేస్తారన్న 1974 నాటి వ్యాసంలో ట్వర్‌స్కీ పేరు ముందుంది. ఎకనామెట్రికా పత్రికలో వచ్చిన 1979 నాటి ప్రాస్పెక్ట్ థియరీ వ్యాసంలో కానమన్ పేరు ముందుంది. కలిసి ఆలోచించి కలిసి రాసిన పనిలో సూచిక ఒకదాన్ని ఒకరి ఖాతాలో, రెండోదాన్ని రెండోవారి ఖాతాలో వేసింది. ఎవరి వంతు ఎప్పుడు వచ్చిందన్నదే లెక్కను తేల్చింది.

ఇంటిపేరు, పొడి అక్షరాలు తప్ప మరేమీ లేని పాత సూచికల్లో పేర్ల గందరగోళం మరో చిక్కు. పైన చెప్పిన కెన్నెత్ ఇ. క్లార్క్, నల్లజాతి పిల్లలు, బొమ్మలపై చేసిన అధ్యయనాలతో ప్రసిద్ధుడైన కెన్నెత్ బి. క్లార్క్ వేర్వేరు మనుషులు. ఆకరాల్లో మధ్య అక్షరం ఎగిరిపోతే ఇద్దరూ ఒక్కరే అవుతారు. తెలుగువారికి ఈ బాధ మరింత ఎక్కువ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరామనోవిజ్ఞాన విభాగాన్ని నెలకొల్పిన కోనేరు రామకృష్ణారావు, 1974లో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్‌ను ప్రతిపాదించిన ముగ్గురిలో ఒకరైన ఇంజనీరు కామిశెట్టి రామమోహనరావు ఇద్దరూ పొడి అక్షరాల్లో కె. ఆర్. రావులే. ఒకరిది మనసు, మరొకరిది డిజిటల్ చిత్రాల కుదింపు. విషయం చూడకుండా పేరును మాత్రమే లెక్కిస్తే ఇద్దరి పనీ ఒకే కుప్పలో పడుతుంది. ప్రతి పరిశోధకుడికీ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చే ఓర్‌సిడ్ ఏర్పాటు 2012లో గానీ రాలేదు.

2002 నాటి పట్టిక

మనస్తత్వ శాస్త్రంలో అందరికంటే ఎక్కువగా చర్చకొచ్చిన ర్యాంకుల జాబితా స్టీవెన్ హ్యాగ్‌బ్లూమ్, ఆయన సహ రచయితలు 2002లో రివ్యూ ఆఫ్ జనరల్ సైకాలజీ పత్రికలో ప్రచురించినది. 20వ శతాబ్దంలో అత్యంత ప్రముఖులైన 100 మంది మనస్తత్వ శాస్త్రవేత్తలు అన్నది దాని విషయం. ఉల్లేఖనలొక్కటే చాలవని వాళ్లు ఆరు కొలమానాలు తీసుకున్నారు. పరిశోధన పత్రికల్లో ఉల్లేఖనలు, డిగ్రీ మొదటి స్థాయి పాఠ్యపుస్తకాల్లో ఉల్లేఖనలు, వృత్తిలోని వారిని అడిగిన సర్వేలో వచ్చిన ఓట్లు అన్నవి అంకెలకు సంబంధించినవి. అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ సభ్యత్వం, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్ష పదవి లేదా ఆ సంఘం ఇచ్చే విశిష్ట శాస్త్రీయ కృషి అవార్డు, పేరు మీద ఒక పదం స్థిరపడటం అన్నవి గుర్తింపునకు సంబంధించినవి. ఫ్రాయిడియన్, పావ్లోవియన్ వంటివి ఈ చివరి కోవలోవి.

అన్నీ కలిపితే బి. ఎఫ్. స్కిన్నర్ మొదటి స్థానంలో, జీన్ పియాజే రెండో స్థానంలో, సిగ్మండ్ ఫ్రాయిడ్ మూడో స్థానంలో, ఆల్బర్ట్ బండూరా నాలుగో స్థానంలో నిలిచారు. ఆ తర్వాత లియాన్ ఫెస్టింగర్, కార్ల్ రోజర్స్ వచ్చారు. జాబితాలో పేర్లు 99 మాత్రమే. నూరో స్థానాన్ని కావాలనే ఖాళీగా వదిలి, అక్కడ ఎవరుండాలో పాఠకులనే వాదించుకోమన్నారు. ర్యాంకులు వేసేవాళ్లలో ఇంత హాస్యచతురత అరుదు.

ఈ పట్టికలో అసలు పాఠం మొత్తం వరుసలో కంటే విడి వరుసల్లో ఉంది. పత్రికల్లో ఉల్లేఖనలు ఒక్కటే తీసుకుంటే ఫ్రాయిడ్ 13,890తో అందరికంటే చాలా ముందున్నారు. పియాజేకు 8,821, హాన్స్ ఐసెంక్‌కు 6,212. నాలుగో స్థానంలో 6,206తో బి. జె. వైనర్, ఆరో స్థానంలో 4,861తో సిడ్నీ సీగెల్ ఉన్నారు. ఈ రెండు పేర్లూ మనస్తత్వ శాస్త్ర పాఠం చదివిన చాలామందికి తెలియవు. వైనర్ 1962లో ప్రయోగ రూపకల్పనలో గణాంక సూత్రాలపై, సీగెల్ 1956లో నాన్‌పారామెట్రిక్ గణాంక పరీక్షలపై పుస్తకాలు రాశారు. తమ ప్రయోగ ఫలితాలను ఏ పద్ధతిలో లెక్కగట్టారో చెప్పవలసిన ప్రతివాళ్లూ ఆ పుస్తకాల పేరు రాశారు. మొత్తం వరుసలో మొదటివాడైన స్కిన్నర్‌కు ఇదే లెక్కలో దక్కింది 4,339తో ఎనిమిదో స్థానం. సర్వేలో ఆయన మొదటివాడు, పాఠ్యపుస్తకాల్లో ఫ్రాయిడ్ తర్వాత రెండోవాడు. వృత్తి గుర్తుంచుకున్న మనిషి ఒకరు, పరిశోధన వ్యాసాలు పేర్కొన్న మనిషి మరొకరు అన్నమాట.

గుర్తింపు కొలమానాలు రెండు అమెరికా సంస్థలవి కావడం మరో సంగతి. ఫ్రాయిడ్ ఎప్పుడూ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడు కాలేదు. ఆ సంఘం అవార్డు 1956లో మొదలైంది, ఆయన 1939లోనే పోయారు. పత్రికల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ మొదటి స్థానంలో ఉన్న మనిషి మొత్తం మీద మూడో స్థానానికి జారడంలో ఈ ఖానాల పాత్ర లేదని చెప్పలేం. 1879లో లైప్‌జిగ్‌లో తొలి ప్రయోగశాల నెలకొల్పి ఈ శాస్త్రానికి పునాది వేసిన వుంట్‌కు దక్కింది 93.5వ స్థానం (ఇద్దరికి సమాన మార్కులు వస్తే రెండు స్థానాల సగటు ఇచ్చారు). మహిళల్లో అందరికంటే పైనున్నది జ్ఞాపకాల నమ్మదగినతనంపై పరిశోధించిన ఎలిజబెత్ లాఫ్టస్, 58వ స్థానంలో. కాల్కిన్స్‌కు వంద సంవత్సరాల ముందు ఓట్లలో వచ్చిన 12తో దీన్ని పోల్చి చూసుకోవచ్చు.

పాఠ్యపుస్తకాల ఖానా ప్రభావం మన దగ్గరా తెలుస్తుంది. టెట్, డీఎస్సీ పరీక్షలకు శిశు వికాసం చదివేవాళ్లు వల్లెవేసే పావ్లోవ్, థార్న్‌డైక్, స్కిన్నర్, పియాజే, బ్రూనర్, కోల్‌బర్గ్ అందరూ ఆ 99 మందిలో ఉన్నవాళ్లే. వైనర్, సీగెల్ ఏ గైడులోనూ కనపడరు.

2014లో ఎడ్ డీనర్, షిగెహిరో ఒయిషి, జంగ్‌యున్ పార్క్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాలానికి మరో జాబితా వేశారు. ప్రధాన అవార్డులు, పాఠ్యపుస్తకాల్లో దక్కిన చోటు, ఉల్లేఖనలు దానికి ఆధారం. అందులో బండూరా మొదట, పియాజే తర్వాత, కానమన్ మూడో స్థానంలో నిలిచారు. స్కిన్నర్ ఆరో స్థానానికి దిగారు. జాబితా సంపూర్ణం కాదని రచయితలు దాని శీర్షికలోనే చెప్పుకున్నారు.

హెచ్-సూచిక

మొత్తం ఉల్లేఖనల లెక్కలో ఒక లోపం ఉంది. ఒక్క వ్యాసం పేలిపోతే చాలు, మిగతా జీవితమంతా ఏమీ చేయకపోయినా మనిషి పైకెళ్లిపోతాడు. దీనికి విరుగుడుగా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో శాఖలోని భౌతిక శాస్త్రవేత్త హోర్హె హిర్ష్ 2005లో హెచ్-సూచికను ప్రతిపాదించారు. ఒక పరిశోధకుడి వ్యాసాలను ఉల్లేఖనల అవరోహణ క్రమంలో పేర్చాలి. ఐదు వ్యాసాలకు వరుసగా 50, 18, 7, 4, 2 ఉల్లేఖనలు ఉన్నాయనుకుంటే, కనీసం నాలుగేసి ఉల్లేఖనలున్న వ్యాసాలు నాలుగున్నాయి, కనీసం ఐదేసి ఉన్నవి ఐదు లేవు. కాబట్టి హెచ్-సూచిక 4. మొదటి వ్యాసానికి 50 బదులు 5,000 వచ్చినా అది 4 దగ్గరే ఉంటుంది. జీవితమంతా రెండే గొప్ప వ్యాసాలు రాసినవాడి సూచిక 2 దాటదు. లియో ఎగ్‌గె 2006లో తెచ్చిన జీ-సూచిక బాగా పేరొచ్చిన వ్యాసాలకు కొంత విలువ తిరిగి ఇస్తుంది. గూగుల్ స్కాలర్ వాడే ఐ10 సూచిక మరీ తేలిక, పదికి తగ్గకుండా ఉల్లేఖనలున్న వ్యాసాలు ఎన్నో చెబుతుంది.

హెచ్-సూచిక వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎనిమిది మంది కలిసి రాసినా ఎనిమిది మందికీ పూర్తి మార్కు ఇస్తుంది. మనస్తత్వ శాస్త్రంలో ఉపశాఖల మధ్య తేడా కూడా పెద్దదే. మెదడు చిత్రాలతో పనిచేసేవారు పెద్ద బృందాలుగా, వెంటవెంటనే ప్రచురిస్తారు. మనోవిశ్లేషణలో ఒకరే కూర్చుని పుస్తకం రాస్తారు. వీళ్లిద్దరి సూచికలను పక్కపక్కన పెట్టడంలో అర్థం లేదు. పైగా సంఖ్య ఏ భాండాగారం నుంచి తీశారన్నది ముఖ్యం. వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ ప్రధానంగా ఎంపిక చేసిన పత్రికలను లెక్కిస్తాయి. గూగుల్ స్కాలర్ పుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు, ముద్రణకు ముందు ప్రతులు అన్నిటినీ ఏరుకొస్తుంది. ఒకే మనిషికి మూడుచోట్ల మూడు సూచికలు కనిపించడం మామూలే.

లెక్కలో పడేవి, పడనివి

వైనర్, సీగెల్ ఉదంతం ఇప్పటికీ కొనసాగుతోంది. పరీక్షల విశ్వసనీయతకు లీ క్రాన్‌బాక్ 1951లో ఇచ్చిన ఆల్ఫా, మధ్యవర్తి చరరాశులపై రూబెన్ బారన్, డేవిడ్ కెన్నీ 1986లో రాసిన వ్యాసం, గుణాత్మక సమాచారాన్ని ఇతివృత్తాలుగా విశ్లేషించే పద్ధతిపై వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ 2006లో రాసిన వ్యాసం ఈ రంగంలో విపరీతంగా ఉల్లేఖన పొందినవి. ఇవన్నీ పనిముట్లు. మనసు గురించి కొత్త సంగతి చెప్పిన వ్యాసం కంటే, మనసును కొలిచే పద్ధతి చెప్పిన వ్యాసానికి వాడకందార్లు ఎక్కువ.

దీనికి వ్యతిరేక దిశలో పనిచేసే శక్తి కూడా ఉంది. ఒక భావన అందరి సొత్తైపోతే దాని కర్తను పేర్కొనడం మానేస్తారు. నిబంధిత ప్రతిచర్య గురించి రాసేవారు పావ్లోవ్ మూల గ్రంథాన్ని ఆకరంగా ఇవ్వడం తక్కువ. సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ దీన్ని గుర్తించి పేరు పెట్టారు. ఇప్పటికే పేరున్నవాడికే మరింత పేరు వచ్చి చేరుతుందన్న ధోరణినీ ఆయనే 1968లో వివరించారు. ఉల్లేఖనల లెక్కలు ఈ రెండింటి మధ్యా నలుగుతాయి.

భాష సంగతి సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ ఉదాహరణలో బాగా తెలుస్తుంది. ఆయన 1934లో, 37 ఏళ్ల వయసులో మాస్కోలో చనిపోయారు. ఆలోచన, భాషలపై ఆయన పుస్తకం ఇంగ్లీషులోకి 1962లో వచ్చింది. విద్యాశాస్త్రవేత్తలు ఎక్కువగా పేర్కొనే మరో సంకలనం 1978లో వచ్చింది. అంటే ఆయన ఉల్లేఖనల్లో సింహభాగం మరణించిన దశాబ్దాల తర్వాత, అనువాదాలు వచ్చాకే మొదలైంది. 2002 పట్టికలో ఆయనది 83.5వ స్థానం. 1922లో కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపిన గిరీంద్రశేఖర్ బోస్ బెంగాలీలోనూ రాశారు. ఆ రాతలు ఏ సూచికలోనూ సరిగా పడవు. తెలుగులో రాసిన మనస్తత్వ శాస్త్ర పుస్తకాలదీ అదే పరిస్థితి.

తప్పుడు పెరుగుదల

తన పాత వ్యాసాలను తానే పేర్కొనడం తప్పు కాదు, ఒకే విషయంపై ఏళ్ల తరబడి పనిచేసేవారికి తప్పదు కూడా. అది మితిమీరితే చిక్కు. తెలివితేటలపై పరిశోధనలతో ప్రసిద్ధుడైన రాబర్ట్ స్టెర్న్‌బర్గ్, సంపాదకుడిగా తన పత్రికలో తన వ్యాసాలే వేసుకుంటున్నారని, తనను తానే అతిగా ఉల్లేఖించుకుంటున్నారని విమర్శలు రావడంతో 2018లో పర్‌స్పెక్టివ్స్ ఆన్ సైకలాజికల్ సైన్స్ సంపాదకత్వం వదులుకున్నారు.

ఐసెంక్ విషయం ఇంకా తీవ్రమైనది. ఉల్లేఖనల్లో ఫ్రాయిడ్, పియాజే తర్వాత నిలిచిన ఈ లండన్ శాస్త్రవేత్త 1997లో చనిపోయారు. వ్యక్తిత్వానికి, క్యాన్సర్, గుండె జబ్బులకు సంబంధం ఉందంటూ ఆయన రొనాల్డ్ గ్రోసార్ట్-మాటిచెక్‌తో కలిసి రాసిన వ్యాసాల్లో 26 నమ్మదగినవి కావని 2019లో కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ తేల్చింది. తర్వాత పలు పత్రికలు వాటిలో కొన్నింటిని ఉపసంహరించుకున్నాయి. ఆ వ్యాసాలకు వచ్చిన ఉల్లేఖనలు, వాటిని ఖండిస్తూ రాసినవారివి సహా, అంతవరకూ ఆయన ఖాతాలోనే జమ అవుతూ వచ్చాయి.

పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక పత్రికలోని వ్యాసాలకు సగటున వచ్చే ఉల్లేఖనల లెక్క) చూసి మనుషులకు విలువ కట్టవద్దని 2012లో రూపొందిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, సంఖ్యలు నిపుణుల తీర్పుకు తోడుండాలే గానీ దాని స్థానంలోకి రాకూడదని 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో చెప్పాయి. విశ్వవిద్యాలయాలు సంతకాలు పెట్టాయి. లెక్కలు ఆగలేదు.

రెండు శాతం జాబితా

క్లారివేట్ సంస్థ ఏటా ప్రకటించే అధిక ఉల్లేఖిత పరిశోధకుల జాబితాలో మనోరోగ వైద్యం, మనస్తత్వ శాస్త్రం కలిపి ఒకే విభాగం. ఆయా రంగంలో, ఆయా సంవత్సరంలో ఉల్లేఖనల రీత్యా పై 1 శాతంలో ఉన్న వ్యాసాలు దానికి ప్రాతిపదిక. మనోరోగ వైద్యుల పెద్ద బృందాలతో ఒకే బరిలో దిగిన సాధారణ మనస్తత్వ శాస్త్రవేత్తకు ఇది అంత అనుకూలం కాదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ అయోనిడిస్, సహచరులు 2019 నుంచి స్కోపస్ సమాచారంతో వేస్తున్న జాబితా ఈ లోపాలు కొన్నింటిని సరిదిద్దే ప్రయత్నం చేసింది. మొత్తం ఉల్లేఖనలు, హెచ్-సూచిక, సహ రచయితల సంఖ్యను బట్టి సవరించిన హెచ్ఎమ్-సూచిక అన్నవి మూడు కొలతలు. వీటికి తోడు ఒంటరిగా రాసిన వ్యాసాలకు, ఒంటరిగా లేదా మొదటి రచయితగా రాసినవాటికి, వీటికి చివరి రచయితగా రాసినవి కూడా చేర్చిన మొత్తానికి వచ్చిన ఉల్లేఖనలను మరో మూడు కొలతలుగా కలుపుతారు. ఈ ఆరింటినీ లాగరిథమ్‌లుగా మార్చి, గరిష్ఠ విలువతో భాగించి కూడితే వచ్చేది సి-స్కోరు. స్వీయ ఉల్లేఖనలతోనూ, అవి తీసేసీ రెండు లెక్కలు ఇస్తారు. మనస్తత్వ శాస్త్రం ఇందులో క్లినికల్, సామాజిక, ప్రయోగాత్మక, శిశు వికాసం, మనోవిశ్లేషణ వంటి ఉపశాఖలుగా విడిపోతుంది, కాబట్టి ఎవరి వీధిలో వాళ్ల లెక్క. 2024లో విడుదలైన పట్టికలో ఉపసంహరించిన వ్యాసాల వివరాలు కూడా చేర్చారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల అధ్యాపకుల పేర్లు జిల్లా పేజీల్లో ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తలంటూ వచ్చేది ఈ జాబితా ఆధారంగానే. అది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అధికారికంగా ఇచ్చే పురస్కారం కాదు, ఆ విశ్వవిద్యాలయంలో పనిచేసే పరిశోధకుడి నాయకత్వంలో తయారైన గణాంక పట్టిక. అందులోనూ రెండు భాగాలున్నాయి. వృత్తి జీవితమంతటి ఉల్లేఖనలను లెక్కించినది ఒకటి, ఒక్క సంవత్సరంలో వచ్చినవాటిని మాత్రమే లెక్కించినది మరొకటి. మొదటిదానిలో చోటు దక్కడం చాలా కష్టం, రెండోదానిలో పేరు ఏటా మారుతుంది. వార్తల్లో మాత్రం ఈ తేడా తరచుగా కనిపించదు.